కాటా మీద కరెంటు బండి
— బి.యస్సి. తృతీయ సంవత్సరం విద్యార్థి (గణితం, భౌతికశాస్త్రం, ఎలక్ట్రానిక్స్)

మన విద్యార్థి సంఘం వారు ఈ ఏటి వార్షిక సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు, కవిత రాయడం చేతగాదని, కథ రాసే ఓపిక లేదని తప్పించుకోజూశాను. "పోనీ, మీ కరెంటు బండి సంగతే రాయవోయ్" అన్నారు. ఆ బండి సంగతి మన కళాశాలలో చాలామందికి తెలుసు. తెలిసినవాళ్ళలో సగం మంది నవ్వినవాళ్ళే. అందుకని బండి ఎంత బాగా పరుగెత్తిందో రాయను. దానికి సామాను ఎట్లా ఎంచుకున్నాము, ఎక్కడ మోసపోయాము, ఎక్కడ మా తెలివితక్కువ వల్ల నష్టపోయాము అన్నది రాస్తాను. దానితోపాటు నా అభిప్రాయం ఒకటి మీ ముందు పెడతాను. ఒప్పుకుంటే సంతోషం, కాదంటే వాదించండి.

గో కార్ట్ అంటే తెలియని వారి కోసం రెండు ముక్కలు. నేలకు జానెడెత్తున ఇనుప పైపుల చట్రం, నాలుగు చిన్న చక్రాలు, ఒక సీటు, ఒక స్టీరింగు. స్ప్రింగులుండవు, డిఫరెన్షియలుండదు, పైన కప్పు ఉండదు. 1956లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఆర్ట్ ఇంగెల్స్ అనే ఆయన, గడ్డి కోసే యంత్రానికి వాడే చిన్న ఇంజను తెచ్చి పైపుల చట్రానికి బిగించి మొదటి కార్టు చేశాడు. అంటే దీని పుట్టుకే మిగిలిపోయిన సామానుతో. ఈ మాట గుర్తు పెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను. ఇంజను తీసేసి మోటారు, బ్యాటరీ పెడితే కరెంటు కార్టు అవుతుంది.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పందెం జరిగింది. మన దేశంలో ఆ పోటీ అదే మొదటిసారి. అప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. చప్పుడు లేకుండా ఈల వేసుకుంటూ పోయే ఆ కార్లను టీవీలో చూసి మనసు పారేసుకున్నాను. ఆ మోటార్లు 350 కిలోవాట్ల దాకా బలమిస్తాయని పేపర్లో చదివి, మా బోరు మోటారు బలంతో పోల్చి చూశాను. మాది 5 హెచ్.పి., అంటే 3.7 కిలోవాట్లు. దాదాపు వంద బోరు మోటార్లు కలిస్తే ఒక కారు! ఆ లెక్కతోనే నాకు పిచ్చి పట్టింది.

డిగ్రీలో చేరిన తర్వాత ఆ పిచ్చి ఉన్నవాళ్ళు మరో ఇద్దరు దొరికారు. ఒకడు సూర్యాపేట వాడు, వాళ్ళ నాయిన వెల్డింగ్ మేస్త్రీ. మరొకరు మిర్యాలగూడ అమ్మాయి, వాళ్ళ నాయిన రైస్ మిల్లులో ఫిట్టరు. నేను కోదాడ దిక్కు పల్లెటూరి వాణ్ణి. సాగర్ ఎడమ కాలువ కింద మాకు నాలుగెకరాలుంది, కాలువ రాని రోజులకు ఒక బోరుంది. ముగ్గురం మూడు ఊళ్ళ నుంచి వచ్చాం గనుక ముగ్గురికీ మూడు రకాల పాత సామాను అందుబాటులో ఉండేది. చదువుకంటే ముందు మాకున్న ఆస్తి అదే.

ఇక అసలు విషయానికి వస్తాను. కార్టు చేయాలనుకునే ప్రతివాడూ మోటారుతో మొదలుపెడతాడు. "ఎన్ని వాట్లు?" అన్నదే మొదటి ప్రశ్న. మేమూ అట్లాగే మొదలుపెట్టాము. రెండు కిలోవాట్లా, మూడా, ఐదా అని వారం రోజులు హాస్టలు మెట్ల మీద వాదించుకున్నాము. ఆ అమ్మాయి విసిగిపోయి ఒక కాగితం తీసింది. "మా నాయిన మిల్లులో మోటారు కొనేముందు, ఏ మిషను తిప్పాలె, ఎంత స్పీడు తిప్పాలె అని అడుగుతడు. మీరు అది అడగకుండ కొట్లాడుతున్నరు" అన్నది. మాకు సిగ్గేసింది. భౌతికశాస్త్రం చదివేది మేము, లెక్క అడిగింది మిల్లు ఫిట్టరు!

ఆ కాగితం మీద లెక్క ఇది. బండి, మనిషి కలిపి 160 కిలోలు. గంటకు 30 కిలోమీటర్ల వేగం చాలు, అంటే సెకనుకు 8.3 మీటర్లు. చక్రాల దొర్లుడు నిరోధం బరువులో నూటికి రెండు వంతులనుకుంటే సుమారు 31 న్యూటన్లు. గాలి నిరోధం ఆ వేగానికి పాతిక న్యూటన్ల దాకా. రెండూ కలిపి 56, దాన్ని వేగంతో గుణిస్తే 470 వాట్లు. గొలుసులో, మోటారులో పోయేది కలుపుకున్నా 600 దాటదు. అంటే చదును నేల మీద ఒక కిలోవాటు మోటారు మాకు చాలు. మూడు కిలోవాట్ల మోటారు కొని ఉంటే దానికి తగ్గ కంట్రోలరు, దానికి తగ్గ బ్యాటరీ, దానికి తగ్గ బ్రేకు, అన్నీ పెద్దవే కొనాల్సి వచ్చేది. ఒక్క కాగితం మా డబ్బులు సగం మిగిల్చింది.

పళ్ళచక్రాల లెక్క కూడా ఆమెదే. మోటారు నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంది. మా చక్రం అడ్డుకొలత 28 సెంటీమీటర్లు, ఒక చుట్టుకు 88 సెంటీమీటర్లు పోతుంది. గంటకు 30 కిలోమీటర్లంటే నిమిషానికి 500 మీటర్లు, కాబట్టి చక్రం 568 చుట్లు తిరగాలి. మూడువేలను దానితో భాగిస్తే 5.3. మోటారుకు 9 పళ్ళ పినియను, ఇరుసుకు 48 పళ్ళ చక్రం. మిల్లులో పుల్లీలు, బెల్టులు చూస్తూ పెరిగిన పిల్లకు ఇది నోటిలెక్క. మొదట్లో మేము ఆమెను చార్టులు రాసే పనికి పెట్టాము. ఆ మాట ఇక్కడ ఒప్పుకోవడం న్యాయం.

ఇక ఎటువంటి మోటారు? చక్రంలోనే ఇమిడి ఉండే హబ్ మోటారు స్కూటర్లకు బాగుంటుంది గాని, దానికి పళ్ళ నిష్పత్తి మార్చుకునే వీలు లేదు. కార్బన్ బ్రష్షుల డి.సి. మోటారుకు రెండే తీగలు, బ్రష్షులు అరిగితే మార్చుకోవచ్చు, కంట్రోలరు చవక. అయితే వేడెక్కుతుంది, కరెంటు కొంత వృథా అవుతుంది. బ్రష్షులు లేని బి.ఎల్.డి.సి. మోటారు పొదుపైనది. కాని దానికి మూడు లావు తీగలు, వాటితోపాటు లోపల హాల్ సెన్సర్ల నుంచి వచ్చే ఐదు సన్నతీగలు. ఆ సెన్సర్లకు నీళ్ళు తగిలితే బండి కదలక మొండికేస్తుంది. పుస్తకం చూస్తే బి.ఎల్.డి.సి. మేలు. కాని పుస్తకం మాట మీదనే మేము కొనలేదు. సూర్యాపేటలో మా మిత్రునికి తెలిసిన వైండింగు మేస్త్రీ దగ్గరకు పోయి, "అన్నా, ఇది కాలిపోతే నువ్వు చేస్తవా?" అని అడిగాము. ఆయన చిరునవ్వు నవ్వి, బల్ల కింద ఉన్న బ్యాటరీ ఆటో మోటార్లు చూపించాడు. "మూడేండ్ల కిందట తెల్వదు. ఇప్పుడు ఇవే వస్తున్నయి, నేర్చుకున్న" అన్నాడు. అప్పుడు నిర్ణయించుకున్నాము: 48 వోల్టులు, ఒక కిలోవాటు, బ్యాటరీ ఆటోలకు వాడే రకం బి.ఎల్.డి.సి. మోటారు. గొప్పది గనుక కాదు. చెడిపోతే బాగుచేసే మనిషి, కాలిపోతే మార్చుకునే కంట్రోలరు బస్సు చార్జీ దూరంలో ఉన్నాయి గనుక.

నా అభిప్రాయంలో మొదటి భాగం ఇదే. ఏ సామానైనా కొనేముందు, "ఇది ఎంత గొప్పది?" అని అడగకు, "ఇది చెడిపోతే ఎవరి దగ్గరికి పోతా?" అని అడుగు. రైతు ట్రాక్టరు కొనేటప్పుడు అడిగే ప్రశ్న ఇది. మా ఊళ్ళో ఏ కంపెనీ ట్రాక్టరుకు మెకానిక్కు దగ్గర ఉంటే ఆ కంపెనీ ట్రాక్టర్లే ఎక్కువ. చదువుకున్న మనం మాత్రం కాగితం మీద అంకెలు చూసి కొంటాము.

తీగల దగ్గర నాకు మంచి పాఠం అయింది. మా బోరు మోటారు 5 హెచ్.పి., ఈ మోటారు అందులో మూడో వంతు కూడా లేదు గదా, అక్కడ వాడే తీగ ఇక్కడ ఎక్కువే అవుతుందని, మిగిలిన రెండున్నర ఎం.ఎం. తీగ ఇంటి నుంచి తెచ్చి బిగించాను. రెండు చుట్లు తిరిగేసరికి ప్లాస్టిక్కు మెత్తబడి వాసన వచ్చింది. తప్పెక్కడుందో ఆలోచిస్తే నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. బోరుకు 415 వోల్టుల త్రీఫేజు; అందుకని 5 హెచ్.పి.కి కూడా తీగకు ఏడెనిమిది ఆంపియర్లే. ఇక్కడ 48 వోల్టులు. వెయ్యి వాట్లకు 20 ఆంపియర్ల పైన, కదిలేటప్పుడు 40 దాకా. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఆంపియర్లు రెండున్నర రెట్లయితే వేడి ఆరేడు రెట్లు. జౌల్ సూత్రం పరీక్షలో పది మార్కులకు రాసినవాణ్ణి, చేతితో తీగ ముట్టుకుని చురుక్కుమన్నాక గాని అర్థం చేసుకోలేదు. తర్వాత పది ఎం.ఎం. రాగితీగ వేశాము.

ఇక బ్యాటరీ కథ. దీన్ని దాచకుండా చెప్పాలి.

మొదట మేము చవకగా పోదామనుకున్నాము. మా ట్రాక్టరు బ్యాటరీ ఒకటి, మా పెదనాయిన ట్రాక్టరుది ఒకటి, పాత ఇన్వర్టరు బ్యాటరీలు రెండు. నాలుగు పన్నెండ్లు నలభై ఎనిమిది. వరుసగా కలిపి ఆదివారం పొద్దంతా బండి నడిపి, రాత్రికి ట్రాక్టరు బ్యాటరీలు తీసుకుపోయి మళ్ళీ బిగించాను. అవి నాట్ల రోజులు. తెల్లారి దమ్ము చేయడానికి మా నాయిన ట్రాక్టరు తాళం తిప్పితే టక్కుమన్నది, అంతే. పెదనాయినదీ అంతే. పన్నెండు మంది కూలీలు గట్టు మీద కూర్చున్నారు. నారు పీకి పెట్టి ఉంది. మధ్యాహ్నం దాకా వేరే ట్రాక్టరు దొరకలేదు. మా నాయిన నన్ను ఒక్క మాట అనలేదు. కూలీలకు పూర్తి కూలి ఇచ్చాడు. ఆ మౌనం నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

తప్పు ఏమిటంటే, ట్రాక్టరు బ్యాటరీ ఇంజను స్టార్టు చేయడానికి పుట్టింది. దాని లోపల పలుచని పలకలు ఎక్కువగా ఉంటాయి. కొన్ని సెకండ్లు వందల ఆంపియర్లు ఇచ్చి, వెంటనే డైనమో నుంచి నింపుకుంటుంది. గంటల తరబడి పిండితే దాని పలకలు పాడవుతాయి. ఇన్వర్టరు బ్యాటరీ పలకలు మందం, అది నిదానంగా ఇస్తుంది. రెంటినీ కలపడం రెండో తప్పు. వరుసగా కలిపిన బ్యాటరీల్లో బలహీనమైనది ముందు ఖాళీ అవుతుంది, మిగతావి దానిలోకి ఎదురు కరెంటు తోస్తాయి, అది చచ్చిపోతుంది. ఇది వివరించబోతే మా నాయిన, "ముసలెద్దును, కోడెను ఒక్క కాడికి కడితే ఏమైతదో నాకు చెప్పనక్కర్లే" అన్నాడు. ఆయన బడికి పోయింది నాలుగో తరగతి దాకా.

రెండోసారి లిథియం కొందామనుకున్నాము. అప్పటికి 2024 సెప్టెంబరు మొదట్లో వరదలొచ్చి, కోదాడ ప్రాంతంలో సాగర్ ఎడమ కాలువకు గండి పడింది. మా బోరు స్టార్టరు డబ్బా రెండు రోజులు నీళ్ళల్లో మునిగింది. కొత్త స్టార్టరుకు, కేబులుకు మా నాయిన పదకొండు వేలు పక్కన పెట్టాడు. నేను పోయి, నెలలో తిరిగిస్తానని చెప్పి ఆ డబ్బు అడిగి తెచ్చాను. నాట్ల నాటి సంగతి మరిచిపోయినట్టుగా ఇచ్చాడు. ఆన్‌లైన్‌లో ఒకచోట 48 వోల్టులు, 30 ఆంపియర్-అవర్ లిథియం బ్యాటరీ అంత చవకగా కనపడితే ఎగిరి గంతేసి కొన్నాను. ఎవరు అమ్మారో రాయను, అది ఈ వ్యాసం పని కాదు.

పెట్టె ఇంటికొచ్చిన రోజు నాయిన చేత్తో లేపి చూశాడు. "గింత తేలికగున్నదేందిరా?" అన్నాడు. "లిథియం అంతే నాయినా" అని గొప్పగా చెప్పాను. ఆయన వినకుండా వడ్ల కాటా మీద పెట్టాడు. నాలుగున్నర కిలోలు. "వడ్లయినా, బ్యాటరీ అయినా కాటా మీద పెట్టందె నమ్మొద్దు బిడ్డా" అన్నాడు.

అప్పుడు గుండె ఝల్లుమని లెక్క వేశాను. 48ని 30తో గుణిస్తే 1,440 వాట్-అవర్లు. నాలుగున్నర కిలోలతో భాగిస్తే కిలోకు 320. బజారులో దొరికే మంచి లిథియం సెల్లు కూడా కిలోకు 250 దగ్గర ఆగుతుంది, పైగా డబ్బా, తీగలు, సర్క్యూట్ల బరువు వేరే ఉంటుంది. అంటే పెట్టె మీద రాసింది ఎట్లా చూసినా నిజం కాదు. మర్నాడు ప్రయోగశాలలో పన్నెండు వోల్టుల, 60 వాట్ల హెడ్‌లైటు బల్బులు నాలుగు వరుసగా కలిపి వెలిగించాను. 5 ఆంపియర్లు తీసుకుంటాయి. 30 ఆంపియర్-అవర్లయితే ఆరు గంటలు వెలగాలి. రెండు గంటల పది నిమిషాలకు ఆరిపోయాయి. సుమారు 11 ఆంపియర్-అవర్లు. బస్తా మీద ముప్పై కిలోలని రాసి పదకొండు కిలోలు పోసినట్టు. వాపసు తీసుకోమంటే సీలు విప్పారన్నారు. ఆ యాసంగికి మా బోరు పాత స్టార్టరుతోనే నడిచింది. రెండుసార్లు ట్రిప్పయి, రాత్రిపూట నాయిన టార్చిలైటు పట్టుకుని పొలానికి పోయాడు.

మిత్రులారా, ఈ కథ జాలి కోసం చెప్పలేదు. ఒక వాట్-అవరు లెక్క, ఒక కాటా, నాలుగు బల్బులు, ఇవి కొనేముందే నా చేతిలో ఉన్నాయి. బరువెంతో అమ్మేవాణ్ణి అడిగి ఉంటే సరిపోయేది. నేను అడగలేదు. చదువు నా నోట్సులో ఉంది గాని నా చేతిలోకి రాలేదు. మా నాయిన చేతిలో ఉంది గాని దానికి పేరు లేదు. ఈ రెంటినీ కలపడమే విశ్వవిద్యాలయం పని అని నా అభిప్రాయం.

మూడోసారి నిదానంగా కొన్నాము. వేసవి సెలవుల్లో ఊళ్ళో వడ్ల కొనుగోలు కేంద్రంలో తూకం లెక్కలు రాసి నేను కొంత, ట్యూషన్లు చెప్పి ఆ అమ్మాయి కొంత, వాళ్ళ నాయిన షాపులో పని చేసి సూర్యాపేట మిత్రుడు కొంత పోగు చేశాము. లిథియంలో కూడా రకాలున్నాయి. నికెల్, మాంగనీసు, కోబాల్టు కలిసిన రకం తేలిక, కాని దెబ్బ తగిలినా, ఎక్కువ చార్జీ అయినా తొందరగా మండే గుణముంది. లిథియం ఐరన్ ఫాస్ఫేటు రకం కొంత బరువు, కాని వేడికి ఓర్చుకుంటుంది, ఎక్కువ ఏండ్లు వస్తుంది. ఈ రకాన్ని 1990లలో అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో జాన్ గుడెనఫ్ బృందం వెలుగులోకి తెచ్చింది. లిథియం బ్యాటరీలకు గాను 2019లో ఆయన మరో ఇద్దరితో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నాడు, అప్పుడు ఆయన వయస్సు 97. మేము ఫాస్ఫేటు రకమే తీసుకున్నాము. ఒక్కొక్కటి 3.2 వోల్టుల సెల్లులు 16, మొత్తం 51.2 వోల్టులు, 20 ఆంపియర్-అవర్లు. కాటా మీద పదికిలోల పైచిలుకు తూగింది, కిలోకు వంద లోపు. ఈసారి లెక్క కుదిరింది. బల్బులు నాలుగు గంటలకు కొద్ది నిమిషాలు తక్కువగా వెలిగాయి. ప్రతి సెల్లునూ విడివిడిగా కాపలా కాసే బి.ఎం.ఎస్. సర్క్యూటు, దానికి తగిన చార్జరు అప్పుడే కొన్నాము. సీసం బ్యాటరీ చార్జరుతో లిథియం చార్జి చేయరాదు.

ఇంత పట్టింపు ఎందుకంటారేమో. 2022లో దేశంలో పలుచోట్ల ఎలక్ట్రిక్ స్కూటర్లు తగలబడ్డాయి. అదే ఏడు సెప్టెంబరు 12న సికింద్రాబాదులో ఒక ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూములో మంటలు లేచి, ఆ పొగకు పైనున్న లాడ్జిలోని ఎనిమిది మంది ప్రాణాలు పోయాయి. కేంద్రం బ్యాటరీల భద్రతా ప్రమాణం ఏ.ఐ.ఎస్. 156ను కట్టుదిట్టం చేసి, 2022 డిసెంబరు నుంచి ఒక దశ, 2023 మార్చి నుంచి మరో దశగా అమలులోకి తెచ్చింది. ఆ ప్రమాణాలు కంపెనీలకు. హాస్టలు గదిలో మంచం కింద బ్యాటరీ పెట్టి రాత్రంతా చార్జి చేసే మనల్ని చూడటానికి ఏ ఇన్‌స్పెక్టరూ రాడు. మనల్ని మనమే చూసుకోవాలి.

స్విచ్చు సంగతి కూడా చెప్పి తీరాలి. ఇంట్లో ఉండే ఎం.సి.బి. తెచ్చి పెడదామన్నాను. మా లెక్చరరు గారు ఆపారు. ఇంటి కరెంటు ఏ.సి., సెకనుకు వందసార్లు సున్నా దాటుతుంది, స్విచ్చు విడిపోయినప్పుడు మెరుపు తనంతట తానే ఆరుతుంది. డి.సి.లో సున్నా రాదు, మెరుపు నిలిచి స్విచ్చును కరిగించవచ్చు. అందుకని డి.సి.కి రాసి ఉన్న బ్రేకరు, ఫ్యూజు కొనాలి. మిల్లుల్లో ఉండే ఎర్ర పుట్టగొడుగు బటను, గుద్దితే ఆగేది, సీటు పక్కనే ఉండాలి. ఒకరోజు బండిని ఇటుకల మీద లేపి చక్రాలు తిప్పుతుంటే యాక్సిలరేటరు నల్లతీగ ఊడింది. చక్రాలు ఆగలేదు, ఇంకా వేగం పెరిగాయి. ఆ రకం యాక్సిలరేటరులో నల్లతీగ తెగితే పూర్తిగా తొక్కినట్టే సంకేతం పోవచ్చు. ఆ ఎర్ర బటను లేకపోతే, బండి నేల మీద ఉండి ఉంటే, ఈ వ్యాసం రాసేవాడు వేరే ఎవరో అయ్యేవాడు.

అందుకే మోటారుతో గాదు, బ్రేకుతో మొదలుపెట్టండి అంటాను. 30 కిలోమీటర్ల వేగంలో మా బండిలో ఉన్న శక్తి 5,500 జౌళ్ళు. మంచి బ్రేకుకు తొమ్మిది మీటర్లలో ఆగుతుంది. వేగం రెట్టింపు చేస్తే ఆ తొమ్మిది ముప్పై ఆరవుతుంది. పాత మోటారు సైకిలు డిస్కు బ్రేకు తెచ్చి వెనక ఇరుసుకు బిగించాము. ఇరుసు 25 మిల్లీమీటర్లది, దానికి మిల్లుల్లో వాడే 205 నంబరు పెడస్టల్ బేరింగులు మిర్యాలగూడ నుంచి వచ్చాయి. చట్రానికి మా పొలంలో పాత జి.ఐ. పైపులుంటే తెస్తానన్నాను. సూర్యాపేట మేస్త్రీ వద్దన్నాడు. "దానికి వెల్డింగు పెడితే తెల్లపొగ లేస్తది, రాత్రికి చలిజ్వరమొస్తది" అన్నాడు. జింకు పూత ఆవిరయి పీల్చేవాళ్ళకు జ్వరం తెస్తుందని తర్వాత పుస్తకంలో చదివాను. ఆయనకు ఒంటితో తెలుసు.

ఇన్ని చెప్పాక కొందరు మిత్రులు అనే మాటలకు జవాబివ్వాలి. "కిట్టు అంతా ఒకేచోట దొరుకుతుంది గదా, ఎందుకీ తిప్పలు?" అంటారు. దొరుకుతుంది. బిగించి, రంగు వేసి, పోటీలో కప్పు కూడా తెచ్చుకోవచ్చు. కాని డబ్బున్నవాడు కొనుక్కున్న కప్పు అది. ఆర్ట్ ఇంగెల్స్ మిగిలిన ఇంజనుతో మొదలుపెట్టాడని ముందే చెప్పాను. నేర్చుకునేది ఎంచుకోవడంలో ఉంది. బిగించడం అయిదు రోజుల పని, ఎంచుకోవడం మాకు ఏడాదిన్నర పట్టింది. చదివింది ఆ ఏడాదిన్నరలోనే.

"ఇది ఇంజనీరింగు వాళ్ళ పని, బి.యస్సి. వాళ్ళకెందుకు?" అని మరొక మాట. ఓమ్ సూత్రం, జౌల్ సూత్రం, న్యూటన్ సూత్రాలు ఇంజనీరింగు వాళ్ళ సొత్తు కాదు గదా. మనకు మార్కులు తెచ్చిపెట్టే ఆ సూత్రాలు ఒక్కసారైనా మన చేయి కాల్చాలి.

"కరెంటు బండి పొగలేని బండి" అని గొప్పలు చెప్పేవారితో కూడా నేను పూర్తిగా ఏకీభవించను. మిర్యాలగూడ అవతల దామరచర్ల దగ్గర 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం ఉంది. 2024 డిసెంబరులో దాని యూనిట్లలో ఒకటి ప్రారంభమయింది. అక్కడ కాలేది బొగ్గే. పొగ పోలేదు, చోటు మారింది. అయినా మా బండి నిండా చార్జి కావడానికి ఒక యూనిటుకు కొద్దిగా పైన చాలు. ఉన్నది ఉన్నట్టు చెప్పి, లాభమెంతో నష్టమెంతో తూకం వేయడమే సైన్సు విద్యార్థి లక్షణం. ఇక్కడ కూడా కాటా కావాలి.

ఇప్పుడు నా కోరిక. మేము ఈ ఏడాదితో వెళ్ళిపోతాము. మా వెనక వచ్చేవాళ్ళు మళ్ళీ ట్రాక్టరు బ్యాటరీతో మొదలుపెట్టి, మళ్ళీ ఎవరో ఒక నాయిన స్టార్టరు డబ్బులు పోగొట్టడం అన్యాయం. మన సంఘం ప్రతి ఏడు కళాశాల దినోత్సవానికి, లౌడ్ స్పీకర్లకు, ఫ్లెక్సీలకు ఖర్చు పెడుతుంది. అందులో కొంత తగ్గించి, భౌతికశాస్త్ర విభాగం వారి అనుమతితో ఒక సామాను గది పెట్టాలి. గొప్ప ప్రయోగశాల అక్కరలేదు. ఒక బల్ల, ఒక కాటా, నాలుగు హెడ్‌లైటు బల్బులు, ఒక మంచి మల్టీమీటరు, ఒక ఇసుక బకెట్టు. అన్నిటికంటే ముఖ్యంగా ఒక లావుపాటి నోటుబుక్కు. ఎవరు ఏ సామాను ఎక్కడ ఎంతకు కొన్నారు, పెట్టె మీద ఏం రాసి ఉంది, కొలిస్తే ఎంత వచ్చింది, ఎందుకు చెడిపోయింది, ఎవరు బాగుచేశారు అన్నది అందులో రాయాలి. గెలిచినవాళ్ళ ఫోటోలు గోడమీద చాలా ఉన్నాయి. చెడిపోయిన సామాను చరిత్ర ఎక్కడా లేదు. జూనియర్లకు ఉపయోగపడేది రెండోదే.

ఆ గదికి ఏడాదికి రెండుసార్లు వైండింగు మేస్త్రీని, మిల్లు ఫిట్టరును, వెల్డరును పిలిచి, కుర్చీ వేసి కూర్చోబెట్టి, వాళ్ళు చెప్పేది విని రాసుకోవాలి. అతిథి ఉపన్యాసాలకు దూరం నుంచి పెద్దవాళ్ళను పిలుస్తున్నాము, సంతోషమే. బస్టాండు ఎదురుగా ఉన్న విద్వాంసులను కూడా పిలుద్దాము.

చివరగా, పోయిన నెల మా ఊరి సిమెంటు కల్లం మీద బండి నడిపాము. రిజిస్ట్రేషను లేని బండి రోడ్డెక్కరాదు గనుక అక్కడే. నాయిన చూడటానికొచ్చాడు. ఎక్కి కూర్చోమంటే కూర్చున్నాడు. యాక్సిలరేటరు చూపించబోయాను. "అది తర్వాత, ముందుగాల బ్రేకెక్కడున్నదో చూపియ్యి" అన్నాడు. రెండు చుట్లు తిరిగి దిగి, "స్టార్టరు డబ్బులు ఎప్పుడిస్తవ్?" అని అడిగాడు. పదకొండు వేలలో ఇప్పటికి ఆరువేలు ఇచ్చాను. మిగతా ఐదువేలు బాకీ ఉన్నాను.

బండి ఇప్పుడు మన భౌతికశాస్త్ర విభాగం వెనక వరండాలో గోనెపట్ట కప్పుకుని ఉంది. మా నోటుబుక్కు, అందులో మా తప్పులన్నీ, సంఘానికి అప్పగిస్తున్నాము. వచ్చే ఏటి సంచిక అచ్చయ్యే నాటికి ఆ గది తాళంచెవి ఒక జూనియర్ చేతిలో ఉండాలని కోరుకుంటూ, సెలవు.